వీపు మీద నాలుగు

కళ్లు మూసుకుంటే అసిరయ్య ముఖం రాదు.
వీపు వస్తుంది.
గోల్‌కీపర్‌ని కదా,
ఆరు సీజన్లు నేను చూసిందల్లా అదే.
బనియను మీద బొగ్గుతో గీసిన నాలుగు,
చెమటకి కారి కారి
ఆఖరి పది నిమిషాల్లో
ఏ అంకే కాకుండా పోయే నాలుగు.

నెల్లిమర్ల మిల్లు సైరన్ కూసిందంటే
బి షిఫ్టు లోపలికి, మేం గ్రౌండుకి.
జుట్టులో ఇంకా గోగునార పీచు.
షిన్‌గార్డులు ఎవడికున్నాయి?
స్పిన్నింగులో తెగిన నార పేనుకొచ్చి
మోకాలి కిందంతా చుట్టుకునేవాడు.
ఎదుటోడి బూటు తగిలితే
దుమ్ము లేచేది, వాడు లేచేవాడు కాదు.
అంటే, పడేవాడే కాదు.

"బంతిని కాదురా, నడుం చూడాల.
కాళ్లు అబద్ధమాడతాయి. కళ్లు మరీని.
నడుం ఎటు తిరిగితే మనిషి అటే ఎల్తాడు."
బొబ్బిలి జట్టు లెఫ్ట్ వింగర్, పాములాంటోడు,
ఆ సాయంత్రమంతా
తన నడుమే తన మీద చాడీ చెప్పినట్టు దొరికిపోయాడు.
నాకు పని లేదు.
చంపావతి వైపునించి గాలి.
పోస్టుకి ఆనుకొని వేరుశెనక్కాయలు ఒలుచుకున్నాను.
కప్పు మాత్రం సెంటర్ ఫార్వర్డు చేతికిచ్చారు.
ఫోటోలో వెనక వరస చివర
సగం చెవి పడింది చూడండి,
అదే అసిరయ్య.

కలకత్తా నించి ఎవరో వచ్చి చూశారు.
హౌరా బండి, జనరల్ పెట్టె,
గోనెసంచిలో రెండు జతల బట్టలు, చోడిపిండి మూట.
విజయనగరం ప్లాట్‌ఫారం మీద కూడా అటు తిరిగే నిలబడ్డాడు.
ఏడ్చాడేమో,
నా వైపు ఉన్నది వీపు.

రెండో డివిజన్. తర్వాత ఒక్క సీజన్ మొదటిది.
జీతం మూడు నెలలకోసారి, బురద రోజూ.
ఉత్తరాల్లో ఆట ఉండేది కాదు.
"ఇక్కడ చేపల్లో ముళ్లు ఎక్కువ.
మోకాల్లో నీరు తీశారు.
అమ్మకి చెప్పకు."

ఆరో ఏట ఒక పేపరు ముక్క వచ్చింది.
బెంగాలీ. ఏడు వరసలు.
ఒక మాట కింద పెన్నుతో గీత.
టైం ఆఫీసు సాన్యాల్ బాబు దగ్గరికి పరిగెత్తాను.
ఆయన కళ్లజోడు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తుడిచాడు.
"బాగా ఆడాడని రాశారు" అన్నాడు.
అసిరయ్య తల్లి పోలమ్మ
దాన్ని పైడితల్లి పటం వెనక దోపింది.
దీపం పెట్టిన ప్రతిసారీ
దండంలో సగం దానికీ వెళ్లింది.

మిల్లు లాకౌటైన ఏడు,
లెక్కలు చూసుకొని బండెక్కుతూ
సాన్యాల్ బాబు నా చెయ్యి పట్టుకొని అసలు మాట చెప్పాడు.
ఎనభై తొమ్మిదో నిమిషం. వాన.
అడ్డం పెట్టిన కాలు. సొంత గోలు.
జట్టు కింది డివిజనుకి జారిపోయింది.
వాడి ఆట మొత్తంలో
పేరు అచ్చయింది అదొక్కసారే.

నేనెవరికీ చెప్పలేదు.
కీపరుకి ఆ మాత్రం పట్టుకోవడం వచ్చు.

తర్వాత వాడూ వచ్చీసాడు,
పూర్తిగా మడవని ఎడం కాలితో.
గరివిడి ఫ్యాక్టరీలో రాత్రి కాపలా.
అదీ గేటు ముందే.

మొన్న, పోలమ్మ పదో రోజు వెళ్లాక,
పటం దించి తుడుస్తుంటే ముక్క జారింది.
నేను వంగాను. వాడు నాకంటే ముందు వంగాడు.
ఇప్పటికీ అంతే, అడ్డం వచ్చేస్తాడు.

"అందులో ఏటుందో తెలుసా నీకు?"
"ఆరేళ్లున్నాను కదరా. చదవడం రాదేటి?"
"మరెందుకు పంపావు?"

కాగితాన్ని తొడ మీద పెట్టి చేత్తో చదును చేశాడు,
గోనె మడత సరిచేసినట్టు.
"నా కాలికి తగలకపోతే
నా ఎనకున్నోడి కాలికి తగిలేది. గోలు ఎలాగూ గోలే.
మిగతా ఆటల్లో నేనున్నట్టు
ఏ కాగితమూ చెప్పదు.
ఇందులో ఉన్నాను. చూడు."

చూశాను. నాకు బెంగాలీ రాదు.
గీత మాత్రం తిన్నగా ఉంది.

మిల్లు గోడ వెనక గుంటలు ఆడుతుంటే
వెళ్లి కాసేపు నిలబడ్డాం.
గోలంటే రెండు ఇటుకలు.
వాడు అలవాటుగా వచ్చి నా ముందు ఆగాడు.
చొక్కా మీద నంబరు లేదు,
భుజాల మధ్య చెమట మరక.

"కొంచెం జరగరా,
ఆట కనపడ్డం లేదు" అన్నాను.

జరగలేదు.