ఎల్సీ

పద్దెనిమిదేండ్ల సంది తీగల మీద బతుకుతున్న.
కరెంటు గురించి నాకెవలూ చెప్పే పని లేదనుకున్న.
సబ్‌స్టేషన్ల ఎల్సీ తీసుకొని, రాడ్డు తాకిచ్చి, ఎర్తు కట్టి
ఇంకా నమ్మక ఒక గడియ ఆగి
గప్పుడు పట్టుకుంటం తీగను.
అయినా గీసుకొండ ఫీడరు మీద ఒకపారి కొట్టింది.
ఎడమ అరచేతిల మచ్చ, చింతగింజంత.

అందుకే ఎంజీఎంల డాక్టర్ నుస్రత్
"స్వరూపకు కరెంటు పెట్టాలె" అన్ననాడు
కుర్చీలకెల్లి లేచి బయటికొచ్చిన.

ఎనిమిది నెలలు
తాళం పోయిన సందుగ లెక్క కూసున్నది మనిషి.
మిరప ఏరనీకి పిలిస్తే పలకలే.
గోలీలు మూడుతీర్లు మార్చిన్రు.
ఆఖరుకు మంచినీళ్లు గూడ మింగుడు బందు.

మల్ల పిలిచి చెప్పింది డాక్టరమ్మ, నాకు తెలిసిన లెక్కలల్లనే.
తడి స్పాంజీలు నెత్తికి కట్టి ఇచ్చేది ఒకటున్నదట,
రెండే మిల్లీయాంపులు.
నాకు నవ్వొచ్చింది. గది ముసురు, ఈడ చెరువే ఎండింది.
ఇంకోటి అయస్కాంతం. మత్తు లేదు, మరుపు లేదు.
మా సొసైటీ గుమాస్తా తిరుపతయ్య పెట్టిచ్చుకున్నడు
నక్కలగుట్టల, ముప్పై రోజులు,
బస్సు కిరాయిలతోని కలిపితే ఒక పాడిబర్రె పైసలు.
"వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకటక, బావా.
ఇరవయ్యో నాడు చాయల చక్కెర తక్కువైందని తెలిసింది."
గంతే చెప్పిండు. చెప్పుకుంట కండ్లు తుడ్సుకున్నడు.

"అది మంచిదే, రాజలింగం.
కానీ ఈమె నీళ్లు మానేసింది.
నెల ఆగే టైం మనకు లేదు."

కొన్ని ఊర్లకు ఫ్యూజు కడితే చాలు.
కొన్నిట్ల ట్రాన్స్‌ఫార్మరు దించాలె.
ఎప్పుడో ఒకనాడు
మొత్తం చీకటి చేసి, మల్ల మొదటిసంది ఎత్తాలె.
ఇది నాకు తెలుసు. తెలిసినా చెయ్యి లేస్తలే.
కాయితం మీద సంతకం నాదే.
తీగెక్కేటోడు అడగాలె ఎల్సీ. మరి తీగనెవలు అడిగిన్రు?

మెట్టెలు విప్పి నా చేతిలవెట్టిన్రు.
తలుపు సందుల నుంచి చూసిన.
మత్తుసూది. పండ్ల నడుమ రబ్బరు.
సినిమాలల్ల తీరు మనిషి ఎగిరిపడతదనుకున్న.
కాలివేళ్లు వణికినయి, గాలికి పత్తాకులోలె.
ముప్పై లెక్కపెట్టేలోపు ఆగినయి.
నా గుండె ఆగలే.

నాలుగోదాని తర్వాత గంజి తాగింది.
ఆరోది అయిన మాపటీలి చెవులు తడుముకొని
"నా కమ్మలేయి?" అన్నది.

పోయిన యాసంగిల అమ్మిన.
ఆమెకు చెప్పకుంట అమ్మిన, బోరెయ్యనీకి.
తెలిసిననాడు పదిరోజులు కొట్లాడింది,
పదకొండోనాటి సంది మాట బందైంది.
గా పదిరోజులూ ఇప్పుడు ఆమె నెత్తిల లెవ్వు.
కొన్ని తిరిగొస్తయి, కొన్ని రావు, అన్నది డాక్టరమ్మ.

లాకర్ల ఉన్నయి అంటే అయిపోవు.
ఎవలు అడుగుతరు?
అరచేతి మచ్చ దురద పెట్టింది.

"అమ్మిన."
"నన్నడగకుంట?"
"నిన్నడగకుంట."
"నీళ్లు పడ్డయా?"
"పడలే. దుబ్బ."

చేతిల ఉన్న గ్లాసు నీళ్లు ఒక్క గుక్కల తాగింది.
తాగి, గ్లాసు నా మీదికి ఇసిరింది.

స్టీలు గ్లాసు దొర్లుకుంట మంచాల కింది నుంచి
వార్డంతా మోగుకుంట పోయింది.
నర్సు ఉరికొచ్చింది.
నేను మోకాళ్ల మీద వంగి ఎతుకుతున్న,
మీదినుంచి తిట్లు వడుతున్నయి, అన్నీ పాతయే,
నడుమ ఒక్కటి మాత్రం కొత్తది.

ఇంక రెండు సిట్టింగులున్నయి.
మల్ల మరిస్తే
మల్ల చెప్త.