పదకొండో తారీఖు

తారీఖు ఎంతో అధ్యాయం అంత.
ఇది మా అత్త కరుణమ్మ పెట్టిన లెక్క.
సామెతల గ్రంథంల ముప్పైయొక్క అధ్యాయాలు,
నెలకు సరిగ్గ సరిపోతయి.
ఫిబ్రవరిల చివరివి మిగిలిపోతయి గనక
గుణవతి అయిన భార్య ఆ నెల మనింటికి రాదు
అని మా ఆవిడ నవ్వుతది.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనక గల్లీ.
పాలపాకెట్ల బండి ఆగుతది,
మొదటి మెట్రో నెత్తి మీదికెల్లి పోతది,
టీ గ్లాసు మీద సాసరు మూసి నేను చదువుత.
మూడేండ్ల నుంచి అత్తకు రెండు కండ్లల్ల పొర.
ఆపరేషనుకు పైసలు జమ చేస్తున్న.
ఎట్ల జమ చేస్తున్ననో చెప్త.

నాది పాత పేపర్ల కొట్టు.
హైదరాబాదుల ఎవరింట్ల ఏం చదువుతరో తెల్వది,
ఏం పారేస్తరో తెలుసు.
కోచింగు పుస్తకాలు, పెండ్లిపత్రికలు, అట్టపెట్టెలు,
ఒక్కోపాలి అట్ట ఊడిన బైబిలు గూడ.
అది మాత్రం తూకానికి ఎయ్య, ఇంటికి తెస్త.
నేను మంచోణ్నే అనుకునేందుకు
ఆ ఒక్కటి సరిపోయేది.

తక్కెడకు గుండ్ల పళ్లెం కింద
పాడైన స్పీకరు లోపలి అయస్కాంతం,
పావుకిలో, అటీటుగ.
కొనేటప్పుడే అతికిస్త.
ఎవ్వరికి కనపడది.
కొన్నొద్దులకు నాకు గూడ కనపడుడు బందయింది.

పదకొండో తారీఖున మాత్రం
మొదటి వచనం కాడ దగ్గొస్తది.
దొంగత్రాసు మాట ఉంటదక్కడ.
గొంతు సవరించుకొని రెండోదాని మీదికి దుంకుత,
మోరి దాటినట్టు.

మొన్న జూలై. రాత్రంత వాన. కరెంటు లేదు.
ఫోను లైటు అక్షరాల మీద పట్టుకొని
గర్వం సంగతి కాడికెల్లి మొదలుపెట్టిన.
చదువుడు అయింది, మోకరిద్దామని లేస్తున్న,
చీకట్ల అత్త అన్నది:
"ఒకటి మింగినవ్ బిడ్డా."
"ఏంది?"
"మొదటిది. నెలనెలా మింగుతనే ఉన్నవ్.
ఎన్నడన్న గొంతుల పడకపోతదా అని చూస్తున్న."
గంతే.
ప్రార్థన తనే చేసింది, అందరి పేర్లు చెప్పింది,
నా పేరు కాడ ఎప్పటికన్న ఎక్కువసేపు ఆగలే.

షట్టరు ఎత్తంగనే స్క్రూడ్రైవరు పట్టుకున్న.
తుప్పుతోని అతుక్కపోయింది, బొటనవేలు తెగింది.
ఊడినంక పళ్లెం రెండుమూడుసార్లు ఊగి
ముల్లు నడుమ నిలబడ్డది.
అది అక్కడ నిలబడంగ చూసి ఎన్నేండ్లయిందో.

అంజవ్వ వచ్చింది, వారాసిగూడ నుంచి, మూట నెత్తిన.
తూకమైనంక పైసలు రెండుసార్లు లెక్కపెట్టింది.
"ఎక్కువిచ్చినవ్ అన్నా. తక్కెడ ఖరాబైందా?"
బాగైంది, అందామనుకున్న.
"తడిసింది గదా అవ్వా, బరువుంటది" అన్న.

తక్కెడ సక్కగైన మొదటి గంటల్నే
నాలుక వంకర పోయింది.
మరునాడు పన్నెండో అధ్యాయం.
దాన్నిండ అబద్ధమాడే నోటి సంగతే.
ఏ ఒక్కటి వదలకుండ చదివిన.
అత్త టీ తాగుకుంట విన్నది.

ఆపరేషను దీపావళికి అనుకున్నం,
ఇప్పుడు క్రిస్మస్ అంటున్నం.
"తొందరేముంది, చెవులు మంచిగున్నయి గదా" అంటది.
పాత నోటుబుక్కు వెనక పేజీల
అంజవ్వకు ఎంత బాకీనో ఏస్తున్న,
మూటకు పావుకిలో, వారానికి నాలుగు మూటలు.
లెక్క ఇంక తెగలే, అవ్వకు చెప్పనే లేదు.
పదహారున తక్కెడ మళ్లొస్తది.
ఇరవైన రెండుసార్లు.

అయస్కాంతం పారెయ్యలే.
గల్లాపెట్టెల ఏసిన.
చిల్లరకు చెయ్యి పెడితే
రూపాయి బిళ్లలన్ని దాన్నే పట్టుకొని
ఒక్క గుత్తిల పైకొస్తున్నయి.
ఒక్కొక్కటే ఊడబీకి ఇస్తున్న.