మూడు దిర్హమ్‌ల జత

నా పేరు మల్లు. షార్జాల అందరు మలయాళీ అనుకుంటరు.
కాదు, ధర్మపురి పక్కపొంటి అని చెప్పేలోపల
లిఫ్టు వచ్చేస్తది.

పదమూడో ఇండస్ట్రియల్ ఏరియా, టైర్ల దుకాణం మీద రెండర్రలు.
అండ్లనే మా కంపెనీ. మొత్తం నలుగురం.
రీమ్ మేడమ్‌ది బస్రా, జోసెలిన్‌ది సెబూ,
లెక్కలు చూసే అన్వర్ నెలకు రెండుసార్లొస్తడు.
నా పని దుకాణాలు తిరుగుడు:
ఎండకు రాసుకునే క్రీము, పిల్లల టూత్‌పేస్టు,
తెల్లగ మెరిసే చూయింగ్ గమ్ము
బిల్లుతో సహా తెచ్చి బల్లమీద వెట్టుడు.
అట్ట మీద రాయనిది ఏమున్నదో చూసుడు వాళ్ళ పని.

"వెంట్రుకను నిలువున వెయ్యి చీలికలు చేస్తే
అండ్ల ఒక్క చీలికంత, మల్లూ" అంటది మేడమ్.
నేను నా బోడి నెత్తి తడుముకుంటే
జోసెలిన్ పడి పడి నవ్వుతది.

మొన్న సాక్సుల వంతు. ఒక జత తక్కువవడ్డది.
జుమ్మా యాల, రోల్లాల దుకాణాలు మూసున్నయి.
ఎనకకు తిరిగి, బూట్లిప్పి, నావే ఇచ్చిన.
మూడు దిర్హమ్‌ల జత.
వాసన రాదని అమ్మినోడు ఒట్టువెట్టిండు.

ఉతికిన నీళ్ళు ఒక చుక్క. దాంట్లకెల్లి ఆకుపచ్చ లేజరు.
తెరమీద
తొలకరి రాత్రి వీధిలైటు కింద ఉసిళ్ళ లెక్క
ఒక్కటి నిలవదు, ఒక్కటి చెప్పిన మాటినదు.

"వెండి" అన్నది మేడమ్.
ఇంకో మిషన్ల ఏసి చూసింది. మళ్ళ గదే.
అట్టమీదేమో: నూరు శాతం పత్తి.

నాకు ముందుగాల నవ్వే వచ్చింది.
కాళ్ళకు వెండి ఏసుకొని రెండేండ్లు సిమెంటు మోసిన్నా!
మా ఆడామె కడియాలు మార్వాడీ కాడున్నయి,
నా వెండి బకెట్లున్నది.

ఐదో ఉతుకుకు చుక్కలు పల్చబడ్డయి.
"ఎటువాయె?" అన్న.
ఆమె కిటికీలకెల్లి మోరీ దిక్కు చూసింది,
దాని అవుతల ఖాలిద్ లగూన్ దిక్కు.
"మంచిదా, చెడ్డదా?"
"లెక్కవెట్టుడే ఇప్పుడిప్పుడు నేర్చుకుంటున్నం."

పెట్టుబడి పెడతనన్నాయన ఫోన్ ఎత్తుతలేడు.
రెండు నెలల జీతం ఆగింది. వెండైతే దొరికింది.

రాత్రి క్యాంపుల నల్ల కాడ
గుల్‌జమాన్ సాక్సులు పిండుతుండు, గదే మూడు దిర్హమ్‌ల జత.
చెప్పాల్నా? ఏమని?
బకెటు ఎత్తిన చెయ్యి అట్లనే ఉన్నది.
ఎనక లైన్ల నిలవడ్డోళ్ళు
తొందర వెడుతుండ్రు.