లాకుల బంగ్లా, మళ్ళీ

మొదటిసారి చేసినప్పుడు
దెయ్యానికి పదకొండు గళ్ళే.
నరసాపురంలో సైకిల్ షాపు మీది గది,
రెండు కంప్యూటర్లు, ఒక్క ఫ్యాను,
కరెంటు పోతే కిందికి దిగి టీ తాగేవాళ్ళం.
అమ్మ లేసు అల్లే గళ్ళకాగితం మీదే ఆవిణ్ణి గీశాను:
తలకి నాలుగు, జడకి మూడు,
మిగతాది చీర.
కళ్ళకి గళ్ళు మిగల్లేదు.

ఇమ్మానుయేలు కోడు రాశాడు.
డిటెక్టివ్ శరభయ్యకి గొడుగిచ్చాడు, టార్చిచ్చాడు,
పరుగు మాత్రం ఇవ్వలేదు,
మెమరీ చాలదన్నాడు.
అందుకే ఆ ఆటలో ఎవరూ పారిపోలేరు.
మే నెల. కాలవ కట్టేశారు.
లాకుల దగ్గర బురదలో ఏడు మట్టిగాజులు బయటపడ్డాయి,
ఎనిమిదోది బంగ్లాలో ఎవరి చేతికో ఉంది.
అంతే కథ.
తొమ్మిది రాత్రులు తిరగాలి.

ఇరవై రెండేళ్ళయింది.
ఇప్పుడు డబ్బు పెట్టేవాళ్ళున్నారు,
భీమవరంలో ఏసీ గది ఉంది.
నాచు ఒక్కో పోగూ విడివిడిగా ఊగుతుంది,
కొబ్బరాకు నీడ శరభయ్య భుజం మీంచి జారి
చొక్కా మడతలో విరుగుతుంది.
దెయ్యానికి కనురెప్పలు కూడా పెట్టారు పిల్లలు.
చూశాను. బాగుంది.
పాపం ఎవరింటి అమ్మాయో అనిపించింది.
భయం వెయ్యలేదు.

పాత ఫ్లాపీలు తీస్తే బూజు.
ఇమ్మానుయేలుకి ఫోన్ చేశాను,
మొగల్తూరు అవతల రొయ్యల చెరువు గట్టు మీదున్నాడు,
వెనక ఏరేటర్ల హోరు.
"ఆ కోడు అప్పుడే నాకర్థం కాలేదు,
ఇప్పుడేం చెప్పమంటావు?" అని నవ్వి,
కాసేపాగి,
"లాకు మనిషి సంగతి తేలిందా?" అన్నాడు.

తేలలేదు.
మూడో రాత్రి లాకు మనిషిని ఏదడగబోయినా
ప్రశ్న తెర మీదికి రాకముందే
జవాబు వచ్చేసేది.
మేం పెట్టింది కాదు. తప్పు.
నెలరోజులు వెతికి వదిలేశాం.
ఆడినవాళ్ళంతా సరిగ్గా అక్కడే
లేచి లైటు వేసుకున్నామన్నారు.
కొత్తదాంట్లో ఫణీంద్ర సరిచేశాడు:
ప్రశ్న, ఒక క్షణం, జవాబు.
లాకు మనిషి ఇప్పుడు బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు.

కొత్త దెయ్యాన్ని అమ్మకి చూపించాను.
చేతిలో లేసు సూది ఆపలేదు,
కళ్ళద్దాల మీంచి చూసి
"అన్నీ నింపేశారేంటే" అంది.
"గడి వదిలితేనే కదా పువ్వు తేలేది."
మళ్ళీ లెక్కలో పడిపోయింది,
రెండల్లి, ఒకటి వదిలి, రెండల్లి.

ఆ రాత్రి కళ్ళు తీసేశాను.
రెప్పలు, ముక్కు,
పిల్లలు రెండు నెలలు చచ్చీచెడీ చేసిన తడిజుట్టు కూడా.
ముఖం ఉండాల్సిన చోట
వెనకున్న గోడ కనపడుతుంది,
గోడ మీద లేచిన సున్నం పెచ్చు.
పొద్దున్న ఆఫీసులో ఎవరూ నాతో మాట్లాడలేదు.

ఇంకా నీళ్ళ చప్పుడు కావాలి.
కొన్నది వద్దు, అది ఏ దేశపు ఏరో.
రికార్డరు పట్టుకుని
రాత్రి పదింటికి లాకుల దగ్గరికెళ్ళాను.
తలుపుల సందుల్లోంచి నీళ్ళు
చేటలో బియ్యం చెరిగినట్టు పడుతున్నాయి.
గుర్రపుడెక్క గుంపొకటి వచ్చి ఆగి
తలుపుని తడుముతోంది.
బంగ్లా చీకట్లో ఉంది,
కిటికీలకి అడ్డంగా కొట్టిన చెక్కలు.
గట్టు మీద బీడీ వెలుగు.
ముసలాయన లేచి, లుంగీ సర్దుకుని
"లేదండి. తాళం పోయి చానా ఏళ్ళయిందండి,
ఆవిడే పట్టుకెళ్ళింది" అన్నాడు.

నేనింకా నోరు తెరవలేదు.

రికార్డరు మీద ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.
ఏదో ఒకటి అడగాలి కదా అని,
ఆ జవాబుకి సరిపోయే ప్రశ్న వెతుక్కుంటూ
అక్కడే నిలబడ్డాను.