దయ అని రాయమాక

ఒంగోలు కలెక్టరేటు గేటు బయట
నీలం టార్పాలిన్ కింద నా బల్ల.
ఇరవై ఏడేళ్లు.
సోమవారమైతే కార్బన్ పేపరు తెల్లబడిపోతుంది:
పింఛను, పట్టా, దారి తగాదా.
అర్జీకి ముప్పై రూపాయలు,
ఏడ్చేవాళ్లకి ఇరవై.

ఆమె ఏడవలేదు. ముప్పై ముందే ఇచ్చింది.

దూదేకుల మస్తానమ్మ, మార్కాపురం,
పలకల ఖార్ఖానాలో కూలి.
సంచిలో సంచి, ఆ సంచిలో ఇంకో సంచి,
దాంట్లో పదకొండేళ్ల కాగితాలు.

కొడుకు ఖాశింపీరా.
పలకల లోడుతో నగరానికి పోయాడు.
సరుకు దించి, కిరాయి లెక్కపెట్టుకొని
బస్టాపు పక్క బండి దగ్గర
పునుగులు చెప్పి నిలబడ్డాడు.
ఎవరో సంచి పెట్టి పోయారు.

పోలీసు కాగితంలో అతను
గుర్తు తెలియని పురుషుడు, సుమారు ఇరవై అయిదు.
తల్లి పోల్చుకుంది
గోళ్ల సందున పలక పొడిని చూసి.
అది రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఆ రాత్రి టీవీలో పెద్దలు ఒక అంకె చెప్పారు.
అంకె చేతికి రాకముందే
రాష్ట్రం రెండయింది.
చచ్చిన చోటు అటు, ఏడ్చిన చోటు ఇటు.
మీ మనిషి, మీరే ఇచ్చుకోండని వాళ్లు.
మీ నేల, మీరే ఇచ్చుకోండని వీళ్లు.
ఫైలు మాత్రం కృష్ణ దాటుతూనే ఉంది
టిక్కెట్టు లేకుండా.
రేపు జిల్లా కూడా విడదీస్తారట.
"అప్పుడు మావోడు ఎన్ని ముక్కలయ్యా?" అంది.
కలం మూత తీసినవాణ్ణి మళ్లీ పెట్టాను.

కాసేపటికి
చేతికి అలవాటైన దారినే మొదలుపెట్టాను:
తమరు దయతలచి, ఈ అభాగ్యురాలిపై కనికరించి...
చదవమంది. చదివాను.

"దయ అని రాయమాక.
మా మామ గొర్లు పెంచినోడు.
రాత్రిళ్లు మందకి కావలోణ్ణి పెట్టేది,
ఏడాదికి ఇన్ని మానికల జొన్నలని.
ఒకనాడు తోడేలు పడి పొట్టేల్ని ఎత్తకపోయింది.
తప్పు తోడేలుదే, ఎవురు కాదన్నారు?
తోడేలు దగ్గిరికి పోయి ఇయ్యమంటామా?
కావలోడే తెల్లారి
తన పొట్టేల్ని తోలకొచ్చి మా గుంజకి కట్టేశాడు.
మా మామ దండం పెట్టలా.
వాడూ పెట్టించుకోలా.
మావోడు బీడీకట్ట మీద కట్టాడు, సబ్బుబిళ్ల మీద కట్టాడు,
రోడ్డు పొడుగునా గేటు గేటుకీ కట్టాడు.
కావలి జొన్నలు కాదా అయ్యి?"

చట్టంలో ఆ మాట ఎక్స్‌గ్రేషియా అమ్మా,
అంటే దయే, అన్నాను.
"ఆ మాట వాళ్లదిలే. నాది రాయి."

కొట్టేశాను.
కొట్టేసిన చోట ఏం పెట్టాలో తోచలేదు.
బాకీ అంటే షావుకారు మాటలా ఉంది,
హక్కు అంటే ఊరేగింపు మాటలా ఉంది.
చివరికి రాశాను:
రావలసినది చెల్లించవలెను.
నోటీసుల్లో మనకి వాళ్లు రాసే వలెను.
వాళ్లకి నేను రాయడం ఇదే మొదలు.

కౌంటర్లో కుర్రాడు ఏ శాఖ అన్నాడు.
తెర మీద జాబితా కిందికి దించాడు, పైకి ఎక్కించాడు,
ఇతరములులో వేశాడు.

రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
పలకలో చీలిక ఉందేమో చూసే అలవాటున
గోటితో ఒకసారి తట్టింది.
కాగితం కదా, ఏం పలుకుతుంది.

పొదిలి మీదుగా పోయే బస్సు మూడింటికని
నన్నే అడిగి, నేను చెప్పకముందే లేచింది.