బుడ్డిని అప్పజెప్పినప్పుడు

ఖండూ, ఇట్ల కూసో.
పైసలు తర్వాత.
ముందుగాల దాని సంగతి విను.

పేరు బుడ్డి.
పుట్టినప్పుడు దోసిట్లో పట్టింది.
ఇప్పుడు నిలబడితే నా నడుముకొస్తది.
మొన్న దెగ్లూరు సంతల
ముందరి కాళ్లు గల్లాపెట్టె మీద వెట్టి నిలబడితే
బెల్లం షావుకారి త్రాసు ఇడిసి ఉరికిండు.
అది బెల్లం వాసన సూసింది, అంతే.

దానికి తెలుగే తెలుసు.
నీ గొర్లకు మరాఠీ. నడుమ నువ్వు.
"ఆగు" అంటే ఆగుతది.
"థాంబ్" అంటే నీ మొకం దిక్కు సూసి తోకాడిస్తది.
తిట్టు మాత్రం ఏ భాషలనన్నా తెలుస్తది,
రెండు దినాలు రొట్టె ముట్టదు.
తిట్టకు.

కండ్లు తెరువకముందే
ఈనిన గొర్రె పొదుగు కాడ పండవెట్టినం.
ఇరవై దినాలు గొర్రెపాలే.
తాను కుక్కనని దానికి ఇంకా
పూరా తెల్వదు.
నువ్వు చెప్పకు.

పగలు మొరగదు, మంద బెదురుతదని.
రాత్రి తెగకుండ మొరిగితే
ఎవడో బాటెంట పోతున్నడు, పండుకో.
ఒక్కసారి మొరిగి ఊకున్నదంటే
కట్టె అందుకో.
అప్పటికే అది తోడేలు దాక పోయింది.
ఆ కుడిచెవి సగం మాంజరా ఒడ్డున
అట్లనే పోయింది.

ఈ మెడపట్టకు మొలలు ధర్మాబాద్ కమ్మరి కొట్టిండు.
వానకాలం ఇప్పెయ్యి, కింద తోలు చీము పడ్తది.
పిడుదులు చెవుల లోపట, వేళ్ల సందుల దాసుకుంటయి.
అడావుడిగ గుంజకు,
తలకాయ లోపల్నే ఉంటది.
బొచ్చు రెండు పొరలు. ఎండలకు జాలిపడి గొరగకు,
అదే దాని గొడుగు.
జొన్నరొట్టె, మజ్జిగ. బొక్క పచ్చిదే ఎయ్యి,
ఉడికిన బొక్క పేగుల గుచ్చుతది.

సూది కార్డు ఇగో.
"జాతి ఏంది?" అన్నడు డాక్టరు.
నన్నే అడిగిండనుకొని "కురుమ" అన్న.
తల ఎత్తకుండ అట్లనే రాసిండు.
సూడు, జాతి: కురుమ. మాలిక్: ఎల్లుబాయి.
పదేండ్ల సంది నవ్వుతనే ఉన్న.

నా మందనా? నూట పద్నాలుగు.
పడావు భూములన్ని సోయా అయినయి,
చుట్టూ తీగె.
ఎక్కడ మేపాలె? ఎత్తమాస ఎల్లంగనే అమ్మిన.

ఆ పొద్దుమూకి
దొడ్డి వాకిట్ల నిలబడ్డది బుడ్డి.
చీకటయింది. జాలరు తడకె వెయ్యలే నేను.
తెల్లారి కోళ్లన్నిటిని తోలి దొడ్లె నింపింది.
మూడోనాడు బడి ఇడిసిపెట్టంగనే
పిల్లలను గోడవారకు చేర్చి
ముందర అడ్డం పండుకున్నది.
పంతులు గంట గొట్టిండు, అదిలిచ్చిండు,
ఒక్క పోరగాన్ని కదలనియ్యలే.
ఒకడు ఏడిస్తే మొకం నాకింది.
అందరు నవ్విండ్రు.
నేను గూడ నవ్వి ఇంటికొచ్చి
కుండల పిండి తియ్యవోయి,
ఎందుకొచ్చిన్నో మరిచి
ఆడనే కూసున్న.

కడుపు నింపుతనే ఉన్న ఖండూ.
పని యాడికెల్లి తేవాలె?

ఈ గొంగడి తునక పట్టుకపో.
పక్షం దినాలు దాని కింద పరువు.
తర్వాత నీ చెమట వాసనే అంటుతది.

తాడు వద్దు. గుంజితే కూలవడ్తది,
పెయ్యంత బరువు, నీతోని కాదు.
నేను లోపటికి పోయి తలుపేసుకుంట.
నువ్వు మందను ముందటికి నడిపియ్యి.
అది తలుపును సూస్తది,
మందను సూస్తది,
మళ్ల తలుపును.
నువ్వు పిలువకు.

నీ మందల కుంటిగొర్రె ఉన్నదా?
ఉంటే, దాన్ని వెనుకకు
పడనియ్యి.