పలికిన ధర

జూలైలో, హిదాకా వేలం హాల్లో
ముప్పై కోట్ల యెన్లు పలికింది.
అది మాత్రం ఏమీ పలకలేదు.
సుత్తి దెబ్బకు ఎడమ చెవి ఒక్కటి
వెనక్కి వాలడం
కళ్ళెం పట్టుకున్న నేనొక్కణ్ణే చూశాను.

తండ్రి ఎవరో, తాత ఎవరో
కేటలాగులో రెండు పేజీలు.
నాకు తెలిసింది వేరు:
పుట్టిన రాత్రి మంచు కురిసింది,
లేవబోయి మూడుసార్లు పడింది,
నా చొక్కా గుండీ నమిలింది.

మొదటి పందెంలో తొమ్మిదో స్థానం. తర్వాత పదకొండు.
ఆ తర్వాత షిరాకావా గారు ఫోన్ చెయ్యడం మానేశారు.
డాక్టర్లు గుండె విన్నారు, గిట్టలు తట్టారు,
ఎక్స్‌రేలు తీశారు. ఏ లోపమూ లేదట.
గేటు ఠపీమని తెరుచుకున్నప్పుడల్లా
అరక్షణం ఆగి
ఎడమ చెవి వాల్చేది.
మళ్ళీ ఎవరో కొంటున్నారనుకునేదేమో.

ఇప్పుడు ఒబిహిరో దగ్గర
పిల్లలకు స్వారీ నేర్పేచోట ఉంది.
ఆదివారం వెళ్ళాను.
జీను మీద ఆరేళ్ళ మిచిరు,
కళ్ళు గట్టిగా మూసుకుని, జూలు పిడికిట్లో.
"తొందరేం లేదు" అంటున్నారు మాస్టారు,
పాపతోనో, దానితోనో.

నా జేబులో కేరట్ ఉంది.
నన్ను గుర్తుపట్టలేదు.
చొక్కా గుండీ దగ్గర మాత్రం
కాసేపు వాసన చూసింది.